గుగ్గిళ్ల రాక్షసి శాపం

కంకణగిరిని ఏలే రణధీరుడికి తొందరెక్కువ. ఒక ఉదయం పొరుగు రాజు మీద కోపం వచ్చి, అప్పటికప్పుడు దండెత్తుదామన్నాడు. "ఉలవలు ఇంకా ఉడకలేదు మారాజా!" అని లాయంవాళ్లు మొత్తుకున్నా వినక, తన చేత్తోనే గుర్రాలకు పచ్చి ఉలవలు పోశాడు. కోటగుమ్మం దాటకుండానే గుర్రాలు కడుపులుబ్బి కూలబడ్డాయి. అంతటితో ఆగిందా? ఆనాటి నుంచి రాజ్యంలో ఏ కుండలోనూ ఉలవ ఉడకలేదు. మెత్తని గుగ్గిళ్లు తప్ప మరేదీ ఆ గుర్రాల గొంతు దిగడం లేదు.

లాయంలో ఉలవలు ఉడికించే పైడికి గవ్వ అనే ఆడగుర్రమంటే ప్రాణం. అది ఆకలితో ఆమె అరచేయి నాకుతుంటే ఆ పిల్లకు కాలు నిలవలేదు. ఇది అడవిలో ఉండే గుగ్గిళ్ల రాక్షసి శాపమేనని పెద్దలు చెప్పగానే అటు పరుగెత్తింది.

దారికి అడ్డంగా దూలగొండి తీగలు అల్లుకుని ఉన్నాయి. "గోక్కోకుండా దాటితే వదిలేస్తాం. గోక్కున్నావా, చుట్టేస్తాం" అన్నాయవి. ఒళ్లంతా మండిపోతున్నా పైడి పళ్లు బిగించి, గవ్వను తలచుకుంటూ దాటేసింది.

ఆవల పెద్ద కుండ ముందు రాక్షసి కూర్చుని ఉంది. "ఏమే, అంత ఆయాసం దేనికి? కూర్చో. నేను చెప్పకుండా మూత తీశావో, నిన్నూ ఇందులోనే ఉడికిస్తా!"

అక్కడ గవ్వ ఏమైపోతోందో! పైడి కూర్చుంది, లేచింది, కుండ చుట్టూ తిరిగింది. మూత మీదికి పోయిన చేతిని రెండో చేత్తో పట్టుకుంది. మూత మాత్రం తీయలేదు. చివరికి రాక్షసే మూత తీసి గుప్పెడు గుగ్గిళ్లు ఇచ్చింది. పైడి ఊదుకుని నోట్లో వేసుకుంది.

"గుర్రానికని ఇస్తే నువ్వు తింటావేమే?"

"మా లాయంలో అంతేనమ్మా. మొదటి గుప్పెడు మేం తిన్నాకే గుర్రానికి. గట్టిగా ఉంటే ముందు మా పళ్లకే తెలుస్తుంది."

రాక్షసి పకపకా నవ్వింది. "మీ రాజు ఆ పని చేయలేదుగా! పోసిన చేత్తోనే పచ్చి ఉలవలు తినమను. శాపం పోతుంది."

పైడి తిరిగొచ్చి, లాయంలో ఆ మాట చెప్పగానే రాజు మండిపడ్డాడు. "గుర్రపు దాణా నేను నమలాలా?"

"తమరు పెట్టిందే కదా మారాజా" అంటూ పైడి గుప్పెడు పచ్చి ఉలవలతో చెయ్యి చాచింది. చాచిన చెయ్యి వెనక్కి తీయలేదు. ఆమె పక్కనే గవ్వ తల నేలకు వాల్చేసింది.

అది చూసి రాజు సిగ్గుపడ్డాడు. ఉలవలు తీసుకుని నమిలాడు. దవడలు లాగేశాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. లాయంలో కుండలన్నీ ఒక్కసారిగా కుతకుతలాడాయి. గవ్వ పైడి చేతిలోంచి మెత్తని ముద్ద తింటుంటే, పైడి దాని మెడ పట్టుకుని భోరున ఏడ్చింది.

రాజు పైడికి లాయం మీద పెత్తనమంతా ఇచ్చాడు. అప్పటి నుంచి దండు కదలాలంటే మొదటి గుప్పెడు రాజే తినాలి, అదీ పైడి మూత తీశాకే. ఆ ఉలవలు ఉడికేలోగా ఆయన కోపం చల్లారిపోయేది. ఇక చేసేదేముంది, గుర్రాల మధ్యే కూర్చుని వాటితో పాటు గుగ్గిళ్లు తినేవాడు.