పెద్దాడి ప్యాంటు

పొద్దున్నే కిటికీ పక్కన కూర్చుని కుట్టు మిషనుకి నూనె వేస్తే తప్ప ఆవిడకి తెల్లారినట్టు ఉండదు. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ మిషనత్త. భర్త పోయాక ఇద్దరు పిల్లల్నీ ఆ మిషను మీదే పెంచింది. కొడుకుని పెద్దాడు అనీ, కూతుర్ని చిన్నది అనీ పిలుస్తుంది.

ఆ రోజు మాత్రం నూనె సీసా దగ్గర పెట్టుకుని కూడా మూత తీయలేదు. ఎదురుగా బల్ల మీద కొత్త గౌను పరిచి ఉంది. లేత నీలం రంగు, పిడికెడు నడుము, కింద గొడుగులా విచ్చుకునే కుచ్చిళ్లు. యుద్ధం అయిపోయాక పట్నంలో ఆడవాళ్లు ఎగబడుతున్న ఫ్యాషను అది. యుద్ధం రోజుల్లో గుడ్డకి రేషను ఉండేది, ఒక్క కుచ్చు ఎక్కువ పెట్టినా దండగ అనేవాళ్లు. గౌన్లు మోకాళ్ల దాకా కురచయ్యాయి, వాటికి జేబులొచ్చాయి. మగవాళ్లు యుద్ధానికి పోతే వాళ్ల పనుల్లోకీ, వాళ్ల ప్యాంట్లలోకీ ఆడవాళ్లు దూరారు. ఇప్పుడు మగవాళ్లు తిరిగొచ్చారు. ఆడవాళ్లని పనుల్లోంచి సాగనంపి, మూరల కొద్దీ గుడ్డ చేతికిచ్చి, మళ్లీ బొమ్మల్లా తయారవమంటున్నారు. మిషనత్తకి అందులో తప్పేమీ కనిపించలేదు, చేతినిండా పని దొరికింది మరి. డాక్టరుగారి భార్య అయితే నడుము ఇంకాస్త బిగించమని ప్రాణం తీసేది. తీరా కుట్టాక ఊపిరాడటం లేదంటూ వదులు చేయించుకునేది.

చిన్నది ఆ గౌనుని చూసీ చూడనట్టు టీ తాగుతోంది. యుద్ధం జరిగినంతకాలం ఆమె లారీల వర్క్‌షాపులో మెకానిక్కు. సైన్యం నుంచి తిరిగొచ్చినవాళ్లకి ఉద్యోగాలివ్వాలని అక్కడి ఆడవాళ్లందర్నీ మాన్పించారు. అప్పట్నుంచీ ఇంట్లో కూర్చుని తల్లికి సాయంగా బొత్తాములు కుడుతోంది, అవి కుట్టినవి కుట్టినట్టే ఊడిపోతున్నాయి. చివరికి దూరపు ఊళ్లో బస్సు డిపోవాళ్లు పనిలోకి రమ్మన్నారు. మధ్యాహ్నం బస్సుకే ప్రయాణం.

ముక్కుతూ మూలుగుతూ మిషనత్త ఒప్పుకుంది. కానీ షరతు పెట్టింది. ఈ గౌను వేసుకుని వెళ్లాలి, పెద్దాడి ప్యాంటు ఇంట్లో వదిలేయాలి.

ఆ ప్యాంటు సంగతి చెప్పాలి. గౌను వేసుకుని లారీల కింద దూరడం కుదరదు, ఆ రోజుల్లో కొత్త గుడ్డ దొరకదు. పెద్దాడు యుద్ధానికి వెళ్తూ విడిచివెళ్లిన గోధుమరంగు ఉన్ని ప్యాంటుని మిషనత్తే చెల్లెలి కొలతకి తగ్గించింది. ఎవరి బట్ట తగ్గించినా ఎక్కువైన గుడ్డని నిమిషంలో కత్తిరించి పారేసే మనిషి, దాని మీద మాత్రం కత్తెర పెట్టలేదు. నడుము వెనక అతుకులో ఆ గుడ్డనంతా మడత మీద మడత పెట్టి లోపలికి కుట్టేసింది. వాడొచ్చాక కుట్లు విప్పితే వాడి ప్యాంటు వాడికుంటుంది అంది. ఆ తర్వాత వాడి ఆచూకీ తెలియడం లేదని కబురొచ్చింది. యుద్ధం ముగిసింది. వీధిలో మిగతా ఇళ్ల పిల్లలు కాళ్లీడ్చుకుంటూ అయినా ఇంటికి చేరారు. పెద్దాడు రాలేదు. వాడు పోయాడన్న మాట ఆ ఇంట్లో ఇద్దరిలో ఎవరూ అనలేదు.

“ఒకసారి వేసుకుని చూపించవే,” అంది మిషనత్త. “సరిచేయాల్సిందేమన్నా ఉంటే బస్సు వేళకి చేసేస్తాను.”

“నాకెందుకమ్మా గౌను? బస్సు కింద పడుకోవడానికా?”

“అక్కడికి చేరేదాకా అన్నా ఆడపిల్లలా కనిపించు. ఊరందరికీ గౌన్లు కుట్టి, కూతుర్ని మగాడి ప్యాంటులో తిప్పుతోందని నన్నే అంటున్నారు.”

పోయే ముందు గొడవెందుకనుకుందో ఏమో, చిన్నది ఇంకేమీ అనకుండా గౌను తలమీంచి వేసుకుంది. నడుము సరిపోయింది. భుజాల దగ్గరికొచ్చేసరికి ఇరుక్కుంది. సర్దుకుందామని చేతులు ఎత్తేసరికి చంక కింద పర్రున చిరిగింది.

మిషనత్త కొయ్యబారిపోయింది. ఆవిడ కుట్టిన బట్ట ఎవరి ఒంటి మీదా ఇలా చిరగలేదు. డాక్టరుగారి భార్యకి ఎన్నిసార్లు కుట్టినా ప్రతిసారీ టేపు పెట్టాల్సిందే, మొన్నే కొలిచావు కదా అని ఆవిడ అన్నా మిషనత్త వినేది కాదు. కూతురికి మాత్రం ఏనాడూ టేపు పెట్టలేదు. కన్నపిల్ల కొలత నా చేతికి తెలియదా అనుకునేది. ఆ చేతికి తెలిసింది యుద్ధానికి ముందటి పిల్ల. చక్రాలు విప్పి, బరువులెత్తి, భుజాలు వెడల్పయిన ఈ పిల్ల కాదు.

తప్పు తనదేనని తెలిసేసరికి ఆవిడకి ఎక్కడలేని కోపం వచ్చింది. “ఏం భుజాలే అవి, మగరాయుడిలా. ఆ ప్యాంటు వేసుకుని వేసుకుని ఇలా తయారయ్యావు. దాన్నిక్కడ పడేసి పో.”

“ఇవి పని చేస్తే వచ్చిన భుజాలమ్మా.” చిన్నది గొంతు పెంచలేదు. “నేనెలా ఉన్నానో ఎప్పుడన్నా చూశావా? నీ చూపంతా గుమ్మం మీదే. ఎదురుగా తిరుగుతున్నా నేను నీ కంటికి ఆనను.”

“వాడి ఊసెత్తకు.”

“నేను ప్యాంటు వేసుకోవడం నీకు ఇష్టంలేక కాదు. వాడి ప్యాంటు గడప దాటిపోతుందని నీ భయం.”

చిన్నది అటు తిరిగి గౌను విప్పుకోవడం మొదలుపెట్టింది. అది భుజాల దగ్గర పట్టేసి పైకి రావడం లేదు. కోపంలో ఉన్నా చేతులు ఊరుకోవు కదా, మిషనత్తే లేచివెళ్లి మెల్లగా పైకి లాగింది. అప్పుడు కనిపించింది. కూతురి నడుము వెనక, వెన్నెముక మీద, అరచేయంత మేర చర్మం కమిలి నల్లబడి, కాయ కాసి ఉంది. పుండు పడి మానినచోటే మళ్లీ పడి మానిన గుర్తు.

ఏమిటని అడగబోయి ఆగిపోయింది. ఆ చోటు ఆవిడకి తెలుసు. గుడ్డనంతా మడతలు పెట్టి ఉండలా కుట్టింది సరిగ్గా అక్కడే. లారీల కింద వెల్లకిలా పడుకుని పనిచేసే పిల్ల, అన్నాళ్లూ ఆ ఉండ మీదే పడుకుంది.

“ఒక్కమాట చెప్పకపోయావా? కత్తిరించి ఇచ్చేదాన్నిగా.”

“ఇచ్చేదానివి కాదమ్మా. ఓసారి అడుగుదామనే వచ్చాను. నువ్వు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి ఆ మడత తడుముకుంటూ కూర్చున్నావు.” చిన్నది చిరిగిన గౌను తీసి బల్ల మీద పెట్టింది. “వాడొస్తాడన్న ఆశ నీకు అక్కడే ఉంది. అది నేనెలా లాగేసుకోను? నాకూ వాడు రావాలనే ఉంది.”

మిషనత్త గుండె చెరువైంది. కొడుకు కోసం ఏడవకుండా ఇన్నాళ్లూ గుండె రాయి చేసుకున్నాననుకుంది. ఆ రాయిని మోసింది మాత్రం ఈ పిల్ల నడుము. కొంగలా మెడ సాచి గుమ్మంవైపు చూడటంలో పడి, ఇంట్లో ఉన్న బిడ్డ ఒంటి మీది పుండు చూసుకోలేదు. ఇంతకన్నా పాపిష్ఠిదాన్ని ఎక్కడన్నా చూశారా అని తనని తానే తిట్టుకుంది.

ప్రయాణానికి సర్దిన పెట్టెలోంచి ప్యాంటు తీసి తిరగేసింది. మిషను ముందు కూర్చుని కుట్లన్నీ ఒక్కొక్కటే విప్పింది. గుడ్డ విప్పారింది. అది పెద్దాడి నడుమంత ఉంది. కత్తెర చేతిలోకి తీసుకునేసరికి చిన్నది వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

“వద్దులే అమ్మా. నాకలవాటైపోయింది.”

“వాడింక రాడే,” అంది మిషనత్త.

ఆ మాట అనేసింది. అన్నాక ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని చాలాసేపు ఏడ్చారు. ఏడుపు కాస్త నెమ్మదించాక ఆవిడ కత్తిరించింది. ఎన్ని థానులు కోసిన చెయ్యో, అంత చిన్న ముక్క కోయడానికి రెండుసార్లు కత్తెర కింద పెట్టి మళ్లీ తీసింది. అతుకు పలచగా కుట్టి, వేలితో పదేపదే తడిమి, ఎక్కడా గట్టిగా లేదని చూసుకుంది.

తర్వాత మెడలోంచి టేపు తీసి, “ఇటొచ్చి నిలబడు,” అంది. మొట్టమొదటిసారి కూతురి భుజాలు కొలిచింది. కళ్లనిండా నీళ్లతో టేపు మీద అంకెలు కనపడక, చిన్నదే తల తిప్పి చదివి చెప్పింది. పొడుగు చేతుల చొక్కా కుట్టి పంపిస్తానంది తల్లి. జేబులు పెద్దవి పెట్టు, స్పానర్లు పట్టాలి అంది కూతురు.

బస్సు కిటికీలోంచి చెయ్యి కనిపించినంతసేపూ నిలబడి మిషనత్త ఇంటికొచ్చింది. గదిలో ఎవరూ లేరు. చిరిగిన గౌను ఒక పక్క, కత్తిరించిన ముక్క ఒక పక్క బల్ల మీద ఉన్నాయి. ముక్కని వెలుతురులో పట్టి చూసింది. ప్యాంటు ఎండకీ, ఉతుకులకీ ఎప్పుడో వెలిసిపోయింది. మడతల్లో దాగున్న ఈ గుడ్డ మాత్రం రంగు తగ్గలేదు. పెద్దాడికి తొడిగి, అద్దం ముందు నిలబెట్టి, ఇంకా ఎదుగుతావురా అని నవ్విన రోజున ఎలా ఉందో అలాగే ఉంది. మిషనత్త దాన్ని మొహానికి అదుముకుంది.