పదకొండు బిల్లు బుక్కులు

మదనపల్లెలో గంగులప్ప ప్రెస్సుకు నేను మొదటిసారి పోయింది తొంభై నాలుగులో, బిల్లు బుక్కు కొట్టించడానికి. పుంగనూరులో నాకు మోటార్ వైండింగ్ షాపు ఉండేది. కాలిపోయిన బోరు మోటార్లకు, ఫ్యాన్లకు తీగ చుట్టి బతికేవాణ్ణి.

గంగులప్ప కూతురు అంబిక సీసం అక్షరాలు ఏరుతూ కూర్చుని ఉంది. తల ఎత్తలేదు.

"ఏం పేరు?"

"హనుమంతు."

"షాపుదప్పా."

"అదీ హనుమంతే."

"సేల్స్ టాక్స్ నంబరు చెప్పు."

అలాంటిదొకటి ఉంటుందని కూడా నాకు తెలియదు. నేను నిదానంగా మాట్లాడే మనిషిని. 'లేదు' అనే మాట నోటి దాకా వచ్చేలోపు ఆమె తలెత్తి చూసింది. ఆ చూపు చూశాక లేదనడానికి మనసు ఒప్పలేదు.

"వస్తాది. చోటు ఇడిసిపెట్టు," అన్నాను.

"యాడ్నించి వస్తాది, పలమనేరు బస్సులోనా?"

అయినా కొట్టిచ్చింది. టాక్స్ అని ఒక గడి కూడా పెట్టింది. "ఇది ఖాళీగా ఉంచొద్దప్పా. పల్లూడిన నోరు మాదిరి ఉంటాది," అంది.

ఆమె చెప్పింది కాబట్టి గడి నింపడం మొదలుపెట్టాను. నూటికి నాలుగని ఎవరో అన్నారు, నాలుగే వేశాను.

రామసముద్రం పాపన్న తన మోటారు తీసుకుపోవడానికి వచ్చి బిల్లును తిప్పి తిప్పి చూశాడు.

"ఈ పన్నెండు రూపాయలేంది?"

"టాక్సు."

"ఎవురికి?"

"గవర్నమెంటుకు."

"గవర్నమెంటు నా మోటారు చుట్టిందా?"

"లేదు, నేనే."

"అట్లయితే దానికి యాల ఇయ్యాల?"

"ప్రింటేసుండాది గదా," అన్నాను. పాపన్న అచ్చు అక్షరాలకు భయపడి ఇచ్చేశాడు. ఆ దుడ్డంతా గవర్నమెంటుదని ఒక బిస్కెట్ డబ్బాలో వేసి పెట్టాను. ఎవరికి కట్టాలో తెలియదు.

అసలు చిక్కు వేరే ఉంది. బుక్కులో యాభై బిల్లులు. అవి అయిపోతే గాని మదనపల్లెకు పోవడానికి నాకొక సాకు లేదు. అందుకని ఫ్యూజు వేసినా బిల్లు, స్విచ్చు బిగించినా బిల్లు రాశాను. బాగున్న ఫ్యాన్ ఎవరైనా తెచ్చినా వదల్లేదు. 'చూసినందుకు ఒక రూపాయి.' దాని మీద నాలుగు పైసల టాక్సు ఎవరూ ఇవ్వరు కాబట్టి అంత చిల్లర దొరక్క నేనే పది పైసల బిళ్ళ డబ్బాలో పడేసేవాణ్ణి.

"మళ్ళీ వచ్చినావా? పోయిన నెలే గదా తీసకపోయింది," అనేది అంబిక.

"బిజినెస్ బాగుండాది."

"బాగుంటే ఆ చొక్కా మార్చు."

తర్వాతిసారి కొత్త చొక్కాతో పోయాను. "దీనికి బిల్లుండాదా?" అని అడిగింది. ఆ నవ్వు కోసం తర్వాతి బుక్కును పది రోజుల్లో ఖాళీ చేశాను.

పదకొండో బుక్కు చేతికిస్తూ ఆమె నవ్వలేదు.

"శుక్రవారం కుప్పం నుంచి నన్ను సూసుకోను వస్తాండారు," అని నా ముఖంలోకి చూసింది.

చాలాసేపు చూసింది. నేను నోరు తెరిచి, "కార్బన్ పేపరుండాదా?" అన్నాను.

"పో, బస్సు పోతాది," అంది.

చెప్పాల్సిన మాట నాకు పుంగనూరు బస్టాండులో దిగాక దొరికింది.

ఆ మాట పట్టుకుని తిరిగి పోయే తీరిక దొరకలేదు. మరునాడే టాక్సు వాళ్ళు షాపులోకి వచ్చి బుక్కులన్నీ పట్టుకుపోయారు. గురువారం మదనపల్లె ఆఫీసుకు రమ్మన్నారు. ప్రతి బుక్కు కింద ప్రెస్సు పేరు ఉంటుంది కదా, గంగులప్పను, ఆర్డర్లు రాసుకునే అంబికను కూడా పిలిపించారు.

ఆఫీసరు కళ్ళద్దాల మీదుగా నన్ను చూశాడు.

"ఏడాదిలో పదకొండు బుక్కులు. పుంగనూరులో ఇంత వ్యాపారం ఎవరికీ లేదయ్యా. నంబరు లేనివాడు టాక్సు వసూలు చేయకూడదు. పైగా నువ్వు చేసేది చేతిపని. కూలి మీద సేల్స్ టాక్స్ ఏంది?"

నేను డబ్బా తీసి బల్ల మీద పెట్టాను. "మీ దుడ్డు సార్. ఎవురికియ్యాల్నో తెలీక పెట్టుకోనుండాను."

బిల్లులతో సరిచూసి, "ఎక్కువుంది," అన్నాడు ఆఫీసరు.

"పది పైసలవి సార్."

ఆయన ఒక బిల్లు పైకెత్తాడు. "ఫ్యాన్ చూసినందుకు రూపాయి. దీనికి బిల్లెందుకు? దొంగ బిల్లులైతే నీ షాపు మూయిస్తా, ప్రెస్సూ మూయిస్తా. నిజం చెప్పు."

"చెప్పప్పా. నా కడుపు కొట్టొద్దు," అన్నాడు గంగులప్ప. అంబిక కిటికీ వైపు చూస్తోంది.

"బుక్కు అయిపోతే... ఇంగొక బుక్కుకు పోవచ్చు గదా సార్."

"ఎక్కడికి?"

"ప్రెస్సుకు."

"ప్రెస్సులో ఏముంది?"

చెప్పింది రాసుకుంటున్న గుమాస్తా కలం పట్టుకుని ఎదురుచూశాడు.

"ఆ పాప ఉండాది సార్."

గుమాస్తా అది కూడా రాసేశాడు. ఆఫీసరు కళ్ళద్దాలు తీసి గంగులప్ప వైపు తిరిగాడు.

"నేను మంచి పార్టీ అనుకుంటి సార్," అన్నాడు గంగులప్ప, దిగులుగా.

అంబిక అప్పుడు నా వైపు తిరిగింది. చెవులు ఎర్రగా ఉన్నాయి. "పదకొండు బుక్కులు యాలప్పా? నోరుంటే ఒక బుక్కుతో అయిపోయేది."

"నువ్వు ఊ అంటావని నాకేం తెలుసు?"

"పదకొండు బుక్కులూ నా చేత్తోనే కంపోజ్ చేస్తి. ఒకదాంట్లో అయినా తప్పుండాదా? వేరే బుక్కుల్లో ఎన్ని తప్పులుంటాయో నాయన్నడుగు."

ఆఫీసరు గట్టిగా దగ్గాడు. డబ్బాలో దుడ్డు గవర్నమెంటుకు జమ చేయించి, వంద రూపాయలు జరిమానా వేసి, మళ్ళీ టాక్సు రాస్తే చేతులు విరగ్గొడతానన్నాడు.

బయటికొచ్చాం. గంగులప్ప మెట్ల మీద ఆగి కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"కుప్పం వాళ్ళకు ఏం చెప్పేదమ్మా?"

"రావద్దని ఫోన్ చెయ్ నాయనా."

"మూడు కేజీల మైసూర్ పాక్ చెప్పుండానే. వాపసు తీసుకోరంట." కాసేపు నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. "ఏమప్పా, మీ అమ్మ స్వీట్ తింటాదా?"

"తింటాది."

"రేపు పిల్చుకోని రా."

"ఎన్ని గంటలకు మామా?"

"అప్పుడే మామనా?" అని గొణిగి, నాలుగు అడుగులు నడిచి, వెనక్కి తిరగకుండానే అన్నాడు: "పదికి. రాహుకాలం రాకముందే."