గాజు జాడీలో కాలు

కాలు పోయింది.

మోకాలి కింద కోసిన కాలు. ఫార్మలిన్ నింపిన పొడవాటి గాజు జాడీలో ఉండేది. ఆ పెద్దాస్పత్రి రీసెర్చ్ హాల్లో జనం చూడటానికి పెట్టిన శరీర భాగాల్లో అదొకటి. మధ్యాహ్నం చూస్తే అరలో దాని చోటు ఖాళీ.

ఇన్‌స్పెక్టర్ ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని హాల్లోకి వచ్చింది.

"మా దగ్గర అంతా పారదర్శకం మేడమ్," అన్నాడు డైరెక్టర్. "జనం మా పరిశోధన చూడాలని తలుపులు తెరిచాం. దానికి ఫలితం ఇది."

"ఆ కాలు ఎవరిది?"

"ఎవరో దాత. ఇష్టపడి ఇచ్చాడు."

"పేరు?"

"చెప్పకూడదు. పేషెంట్ సమాచారం గోప్యం."

చెబుతూ నవ్వాడు.

ఆమె గార్డుని పిలిచింది.

"ప్రతి సంచీ తెరిపించి చూశానమ్మా. నా కళ్ళు గప్పి జాడీ బయటికి పోలేదు."

"సంచీ లేనివాళ్ళు?"

"వాళ్ళ దగ్గర చూడ్డానికేముంటుంది?"

ఆమె సీసీ టీవీ ఫుటేజ్ వేయించింది. ఒకసారి చూసింది. మళ్ళీ వెనక్కి తిప్పించి ఒక చోట ఆపింది.

"ఈయనెవరు?"

"టైలరండీ," అన్నాడు గార్డు. "వాళ్ళావిడ వీల్‌చైర్‌లో తోసుకొస్తుంది. కాలు తీసేశాక డ్రెస్సింగ్ కోసం వస్తుంటారు. పోయిన వారం కూడా ఈ హాలు చూశారు."

మర్నాడు ఉదయం అందరినీ హాల్లోకి పిలిచింది. టైలరూ, భార్యా పిలవగానే వచ్చారు.

"అందరూ సంచులే చూశారు," అంది ఇన్‌స్పెక్టర్. "వీల్‌చైర్ లోపలికి వచ్చేటప్పుడు ఈయన కప్పుకున్న దుప్పటి కింద ఒక్క కాలే ఉంది. బయటికి వెళ్ళేటప్పుడు రెండున్నాయి. రెండోది ఫుట్‌రెస్ట్ మీద నిలబెట్టిన జాడీ."

గార్డు తల పట్టుకున్నాడు.

టైలర్ కాదనలేదు. "పిక్క మీద తేలు పచ్చబొట్టు ఉందమ్మా. కొట్టు పెట్టిన కొత్తలో పొడిపించుకున్నా. ఇన్నేళ్ళు మిషను తొక్కిన కాలు. గుర్తుపట్టనా?"

"కాల్చేశామని చెప్పారండీ," అంది అతని భార్య. "ఇక్కడ చూసి అడిగితే, పేషెంట్ వివరాలు బయటికి చెప్పకూడదన్నారు. ఆ పేషెంటు ఈయనే కదండీ."

"ఒప్పుకున్నాడుగా. దొంగతనం కేసు రాయండి," అన్నాడు డైరెక్టర్.

"దాత ఇష్టపడి ఇచ్చాడన్నారు. ఈయన ఇవ్వలేదంటున్నాడు. మీరు నాతో అబద్ధం చెప్పారా, లేక ఆ కాలు ఈయనది కాదా? టెస్ట్ చేయిస్తే తేలిపోతుంది."

డైరెక్టర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. గొంతు తగ్గించాడు. "కుళ్ళిన కాలు మేడమ్. వీళ్ళకి దాంతో ఏం పని?"

టైలర్ తల వంచుకున్నాడు. అతని భార్య వీల్‌చైర్ వెనక తగిలించిన సంచిలోంచి ఖాళీ జాడీ తీసి బల్ల మీద పెట్టింది. శుభ్రంగా కడిగి ఉంది.

"కాలు నిన్న సాయంత్రం పాతిపెట్టాం," అంది. "ఇది మాత్రం మీదే."

డైరెక్టర్ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వచ్చి మోచేయి పట్టుకోబోయాడు. "ఇది బయటికి పొక్కితే పరిశోధనకే చెడ్డపేరు."

ఆమె అంటు తగలబోయినట్టు వెనక్కి జరిగింది. గార్డు చేత హాలు తలుపులు మూయించింది. తాళంచెవి అడిగి తీసుకుంది. అరల నిండా చేతులు, గుండెలు, వేలెడంత పసిపాదాలు.

"వీళ్ళలో ఎంతమందికి కాల్చేశామని చెప్పారు డాక్టర్‌గారూ?"

డైరెక్టర్ కూర్చోవడానికి కుర్చీ కోసం వెతికాడు.