అర మిల్లీమీటరు చోటు

"మళ్ళీ మా చోటు కొట్టేశారా?"

బ్యాటరీ టీమ్ చూసే ఆమె నాతో అన్న మొదటి మాట అదే. ఫోన్ల కంపెనీ కెమెరా టీమ్‌లో నేను చేరిన రోజది. కొత్త ఫోన్ నమూనాని విప్పి బల్ల మీద పరిచారు. మా కెమెరా ముక్క ఆమె బ్యాటరీ గడిలోకి దర్జాగా చొరబడి కూర్చుంది.

"అర మిల్లీమీటరే కదండీ," అన్నాను.

"అందరిదీ అదే పాట. స్క్రీన్ వాళ్ళకి వెలుగు కావాలి, చిప్ వాళ్ళకి వేగం కావాలి. మిగిలిన సందులో బ్యాటరీని కుక్కండి! తీరా ఫోన్ సాయంత్రానికే ఆగిపోతే తిట్లు మాత్రం నాకు."

"మీరూ కాస్త ఎదగొచ్చుగా? చిప్పులు చూడండి, ఏటేటా ఎలా మారిపోతున్నాయో!"

"చిప్పంటే సిలికాన్ మీద గీతలండీ బాబూ. ఇంకా సన్నగా గీసుకుంటూ పోతారు. నాది పదార్థం. ఛార్జ్ దాచాలంటే సరుకుండాలి. సన్నం చేస్తే సరుకు తగ్గుతుంది. మరీ కూరితే ఉబ్బుతుంది, నిప్పంటుకుంటుంది. కొత్త సరుకు దొరికినా, ఏళ్ళ తరబడి పరీక్షించందే జనం జేబుల్లో పెట్టలేం."

కోపంతో ఆమె ముక్కుపుటాలు అదురుతున్నాయి. నేను వినడం మానేసి చూడడం మొదలుపెట్టాను. సిగ్గుండాలి నాకు.

ఆ తర్వాత కావాలనే రోజూ గిల్లికజ్జాలు పెట్టుకునేవాణ్ణి. ఆమె ఓసారి విసుక్కుంటే చాలు, నా కాళ్ళు నేల మీద ఆనేవి కావు. అలాంటిది ఒక మధ్యాహ్నం స్క్రీన్ టీమ్‌లోని ఓ అన్న చల్లగా చెప్పాడు.

"ఈసారీ చోటు దక్కకపోతే బ్యాటరీ మేడమ్ ఉద్యోగం మానేస్తుందట."

ఆ సాయంత్రమే మా కెమెరా విప్పి ముందేసుకున్నాను.

వారమంతా లెన్సులతో కుస్తీ పట్టి, మీటింగులో లేచి నిలబడ్డాను.

"మా కెమెరా అర మిల్లీమీటరు తగ్గుతుంది సార్. ఫొటోలకి ఢోకా లేదు. ఆ చోటు బ్యాటరీకి ఇవ్వండి."

బాస్ కళ్ళు మెరిశాయి. "భేష్! అయితే స్క్రీన్ వెలుగు ఇంకాస్త పెంచుదాం."

అంతే. పెరిగిన ఛార్జంతా స్క్రీన్ తాగేసింది. నా కష్టం బూడిదలో పోసిన పన్నీరయింది.

బయటికొస్తే ఆమె కిటికీ దగ్గర నిలబడి వాన చూస్తోంది. అద్దం మీద జారే చినుకుల నీడలు ఆమె చెంప మీద మెల్లగా కదులుతున్నాయి. ఎందుకొచ్చానో కాసేపు మరిచిపోయాను.

"సారీ అండీ. ఇచ్చిందీ మీకు దక్కలేదు."

"ఎప్పుడూ ఇంతే. నేనెంత పెంచినా ఎవరో ఒకరు తినేస్తారు," నవ్వింది. "కానీ ఇన్నాళ్ళూ నా దగ్గర లాక్కున్నవాళ్ళే గానీ ఇచ్చినవాళ్ళు లేరు. ఎందుకిచ్చారు?"

"మీరడిగింది న్యాయం కాబట్టి." ఆమె పక్కకెళ్ళి నిలబడ్డాను. "అదొక్కటే కాదు. మీరు వెళ్ళిపోతే నేనిక్కడ ఉండలేను. మీరంటే నాకు చాలా ఇష్టం."

ఆమె నావైపు తిరిగింది.

"జవాబు ఇప్పుడే చెప్పక్కర్లేదు," కంగారుపడ్డాను. "ఎన్నాళ్ళయినా ఆగుతాను."

"నాకంత ఓపిక లేదు," అంటూ నా చెయ్యి పట్టుకుంది. "ఉద్యోగం మాననులే. కానీ రేపటి నుంచి ఆ స్క్రీన్ వాళ్ళతో నువ్వు కూడా నా పక్కన నిలబడి పోట్లాడాలి. సరేనా?"

మీరు కాస్తా నువ్వయిపోయింది. తలూపాను.