కోటవాకిలి దాటిన పాగ

శ్రీశైలం పోయే నల్లమల కాలిదారిలో, చెంచుగూడెం దాటినాక ఒక పాత కోటవాకిలి ఉంది. గోడలు కూలిపోయినాయి, రెండు రాతికంబాలే మిగిలినాయి. ఏనాటి యుద్ధంలోనో చచ్చిన సిపాయి ఇంకా ఆడ కాపలా ఉన్నాడంట. పొద్దుగుంకినాక ఎవరు దాటినా మూటను వెనక నుంచి పట్టుకుంటాడంట.

మొన్నటి శివరాత్రికి ముందు రాత్రి చౌడేశ్వరి ఆ దారినే పోయింది. నేతోళ్ల పిల్ల. నెత్తిన మొక్కుబడి పాగ... శివుడి గోపురానికి చుట్టే తెల్లటి పొడుగు గుడ్డ. రోజుకో మూర లెక్కన నాయన ఏడాదంతా నేసినాడు. నేసినాక పక్షవాతంతో ఆ చేతులే పడిపోయినాయి. పాగ నేలకు తగిలితే మొక్కు చెడినట్టే. ఇంకోటి నేసే దిక్కు లేదు.

తోడొచ్చిన చిన్నాయన కంబన్న కంబాలు కనపడంగానే నిలబడిపోయినాడు.

"తెల్లారినాక పోదాం పాపా."

"తెల్లారి కదిలితే పాగ వేళకు గుడికి అందదు. ఆడపిల్ల మోయగూడదని బతికుండే మొగోళ్లే అడ్డం పడిరి, దాటొచ్చినా. చచ్చినోడు ఒక లెక్కా?"

"మెల్లగా... వింటాడు."

"విననీ."

సెల్లు లైటు పట్టుకుని ముందు నడిచింది.

కంబాల నడుమకు వచ్చింది. గాలి ఆగిపోయింది. నెత్తిమీద గుడ్డచుట్ట కదిలింది... ముడి ఊడి, పాగ కొస వెనక్కి జారుతోంది.

"చిన్నాయనా, పట్టుకో," అంది గుసగుసగా.

జారడం ఆగింది. ఎవరో పట్టుకున్నారు.

"అట్లే పట్టుకోని రా. నేలకు తగలనీయాకు."

నడిచింది. వెనక అడుగులు... బరువుగా, రాళ్లమీద ఇనుము తగిలినట్టు. చిన్నాయనవి రబ్బరు చెప్పులు కదా, అనుకుంది. తిరిగి చూడలేదు.

మలుపులో అన్నదానం డేరా వెలుగు. డేరా ముందర నీళ్లు తాగుతూ... కంబన్న.

"నీకంటే ముందొచ్చినా పాపా. వాకిలి దాటే ధైర్యం లేక వంక ఎంబడి అడ్డదారిన పడి వచ్చినా."

చౌడేశ్వరి మెల్లగా వెనక్కి తిరిగింది.

పాగ చీకట్లోకి సాగి ఉంది. చుట్టలోంచి ఊడిన ఇరవై మూరలు, బిగువుగా, నడుమెత్తున. ఎక్కడా నేలకు తగల్లేదు.

"వదిలేసి రా పాపా," అన్నాడు కంబన్న.

వదిలితే నేలన పడుతుంది. లాగితే... అవతలోడు వదిలేస్తే? పడకుండా చుట్టాలంటే దారి ఒకటే. కొస దగ్గరికి తనే పోవాలి.

సెల్లు జాకెట్లో దోపుకుంది. రెండు చేతులా చుట్టుకుంటూ నడిచింది. ఒక మూర... ఇంకో మూర... డేరా వెలుగు వెనకబడింది.

చివరి మూర కాడ వేళ్లకు ఇంకో చెయ్యి తగిలింది. చల్లగా.

ఆ చెయ్యి పాగ కొసను ఆమె అరచేతిలో పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే మూసింది.