టక్ మనని వాల్వు

జీపు మళ్ళీ నల్లగా దగ్గింది. కొట్టు దాటి కొండవాలు ఎక్కబోయి, సగంలోనే నీరసపడి, వెనక్కి జారుతూ ఇంటి ముందుకి వచ్చి ఆగింది.

“ఈ పొగతో పాడేరు ఏటి ఎల్తాం?” అన్నారు వరహాలరావు గారు. ఆయన రత్న వాళ్ళ నాన్న. చింతపల్లిలో కిరాణా కొట్టు నడుపుతారు. జీపు పోయినేడాదే కొన్నారు.

రత్న అరుగు మీద నిలబడి చూస్తోంది. మూడు గంటలకి పాడేరులో ఖోఖో పోటీ. తొమ్మిదిమంది అమ్మాయిలూ, పీఈటీ మేడమూ ఈ జీపులోనే వెళ్ళాలి. ఈరోజు సంత. సర్వీసు జీపుల్లో కాలు పెట్టే చోటు కూడా దొరకదు. ఒంటిగంటకల్లా బయలుదేరకపోతే ఆడకుండానే ఓడిపోయినట్టు.

“రత్నా, జడలేసుకున్నావేటే?” లోపలినుంచి నానమ్మ తవిటమ్మ అడిగింది.

“అయిపోయింది నానమ్మా.”

నానమ్మ బయటికొచ్చి చూసింది. ఒక జడకి రిబ్బను ఉంది. రెండోది అల్లనేలేదు.

“నీకు నోట్లో అయిపోద్ది గాని, సేతిలో అవ్వదే గుంటా” అంది.

రత్న వినిపించుకోలేదు. డ్రైవరు బుధు బానెట్ ఎత్తుతున్నాడు. అటు పరుగెత్తింది.

బుధుది ఆ పక్క కొండమీది ఊరు. పదిహేనేళ్ళుగా ఘాట్ రోడ్ల మీద జీపులు నడిపాడు. ఎక్కడ చెడితే అక్కడే బాగుచేసుకోవడం అలవాటైపోయింది.

“ఏటి బాబాయ్, దీనికి జబ్బు?”

బుధు ఇంజను పక్కన జామకాయంత ఇనప ముక్కని చూపించాడు. “ఇది ఈజీఆర్ వాల్వు. ఇంజను వదిలిన పొగలో కొంచెం మళ్ళీ ఇంజనుకే పంపిస్తాది. అలా పంపితే గాలి తక్కువ పాడవుతాది. దీనికి లోపల సిన్న తలుపుంటాది. కావలసినప్పుడే తెరుసుకోవాల. ఎప్పుడూ తెరుసుకునే ఉంటే ఏటవుద్ది?”

రత్న ఆలోచించింది. “పొగే పీలుస్తాది.”

“నువ్వు పొయ్యి పొగ పీల్చి ఖోఖో ఆడగలవా?”

“దగ్గొస్తాది.”

“దీనికీ అదే.”

ఇంజను చల్లారేదాకా ఆగారు. తరువాత బుధు వాల్వు నెత్తిన ఉన్న సన్న రబ్బరు గొట్టం ఊడదీశాడు. దాని బదులు శుభ్రమైన గొట్టం ముక్క తగిలించి రత్న చేతికిచ్చాడు.

“నోటితో గాలి లాగు. లాగి నాలుక అడ్డం పెట్టు.”

రత్న లాగింది. గొట్టం జలగలా నాలుకకి అంటుకుంది. రత్న కళ్ళు పెద్దవయ్యాయి.

“అంటుకుందంటే లోపలి రబ్బరు చిరగలేదు. ఇప్పుడు వదిలేయి.”

వదిలింది. ఏమీ కాలేదు.

“గాలి లాగితే తలుపు తెరుసుకోవాల, వదిలితే టక్ మని మూసుకోవాల. అనలేదు. మసి పట్టి బిగుసుకుపోయింది.”

రత్నకి జీపు ఒక్కసారిగా మాట్లాడినట్టు అనిపించింది. అంత పెద్ద జీపు జబ్బేమిటో తన నాలుకతో తెలిసిపోయింది మరి.

బుధు రెండు నట్లు విప్పి వాల్వు బయటికి తీశాడు. లోపలంతా పెనం అడుగులా నల్లగా అట్ట కట్టి ఉంది. ఆ మసిని పుల్లతో గీకి, కిరసనాయిల్లో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో తోమాడు. గుడ్డతో తుడిచి మళ్ళీ గొట్టం తగిలించాడు.

రత్న గాలి లాగి వదిలింది.

టక్.

“మూసుకుంది బాబాయ్, మూసుకుంది” అని రత్న అక్కడే రెండు గెంతులు వేసింది.

“గెంతులు తరవాత. పెరట్లో తీగమీద తెల్లగుడ్డ ఉంది. అది పరిచి, వాల్వు దానిమీద బోర్లించు. నేను వాల్వు బిగించే గొట్టం మూతి గీకుతాను. బిగించేముందు ఇంకోసారి టక్ మందో లేదో సూసి ఇయ్యి.”

పెరడు దూరం. అరుగు దగ్గర. అరుగుమీద చేటలో నానమ్మ మిరియాలు ఆరబెట్టింది. ఈ నెలలో చింతపల్లిలో ఏ ఇంటి అరుగు చూసినా మిరియాలే. రత్న మిరియాలని చేత్తో పక్కకి నెట్టి, ఆ చేటలోనే వాల్వుని పక్కవాటుగా పెట్టేసింది.

అప్పుడే శ్రావణి వచ్చింది. ఇద్దరూ ఒకే జట్టు.

“ఏటది?”

“జీపు ముక్కు. సూడు, నేను దీన్ని తెరిసి మూసేస్తాను.”

రత్న వాల్వుని చేటలోనే ఉంచి, దర్జాగా గాలి లాగింది. కాసేపు పట్టుకుంది. వదిలింది.

“ఏది సప్పుడు?” అంది శ్రావణి.

నిజమే. చప్పుడు రాలేదు.

“వచ్చింది. నీకే వినబడలేదు.”

“రత్నమ్మా, సూసేవా? అయిపోయిందా?” బుధు బానెట్ కిందనుంచి అడిగాడు.

అప్పటికే పదకొండు. “అయిపోయింది బాబాయ్” అని వాల్వు తీసుకెళ్ళి ఇచ్చేసింది.

బుధు బిగించాడు. నాన్న స్టార్టు చేసి కొండవాలు ఎక్కించారు. మొదటి మలుపు దగ్గర జీపు ఎప్పటిలాగే దగ్గింది. వెనకంతా నల్లమబ్బు. తిరిగి వచ్చేసరికి నాన్న ముఖం కూడా అలాగే ఉంది.

“ఇంటికాడ పనులు ఇలాగే ఏడుస్తాయి బుధూ. నీకు రాదని ముందే సెప్పుంటే నర్సీపట్నం షెడ్డుకి పంపేద్దును కదా. ఆ పిల్లలకి ఏటి సెప్పాలిప్పుడు?”

బుధు మసి అంటిన చేతుల్ని గుడ్డకి తుడుచుకుంటూ, తన తప్పు ఎక్కడుందా అని ఇంజనులోకి వంగి చూస్తున్నాడు. ఒక్కొక్క గొట్టమే తడుముతున్నాడు.

రత్న అరుగువైపు చూసింది. చేటలో మిరియాల మధ్య వాల్వు పెట్టినచోట గుండ్రంగా ఖాళీ ఉంది. చుట్టూ నల్లటి గింజలు.

చప్పుడు రాని ఆ రెండోసారి గుర్తొచ్చింది. తను గాలి లాగింది. తలుపు తెరుచుకుంది. ఒక గింజ లోపలికి దొర్లి ఉంటే?

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కానీ బుధు బాబాయ్ ఇంకా తడుముతూనే ఉన్నాడు, లేని తప్పుకోసం.

“నాన్నా, బాబాయ్ బాగానే సేసేడు.” రత్న ముందుకొచ్చింది. “నేను గుడ్డ పరవలేదు. మిరియాల సేటలో పెట్టేను. రెండోసారి టక్ మనలేదు. నాకు తెలిసింది. అయినా అయిపోయిందనేసేను.”

నాన్న ఆమెనీ చేటనీ చూశారు. శ్రావణి కాలి బొటనవేలితో నేల గీస్తూ నిలబడింది.

“మంచిమాట సెప్పేవు” అన్నాడు బుధు. “ఇప్పుడు ఇంజను ఏడిగా ఉంది. కాసేపు ఆగాల.”

ఆ కాసేపు ఎంతకీ గడవలేదు. జట్టు పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చేరారు. పీఈటీ మేడమ్ కూడా వచ్చి గడియారం చూసుకుంటోంది. చివరికి బుధు మందపాటి గోనెగుడ్డతో వాల్వు పట్టుకుని విప్పాడు. అరచేతిలో తట్టాడు. తలుపు సందులోంచి వేగిపోయిన మిరియపు గింజ ఒకటి రాలింది.

ఘాటు గుప్పుమంది. గుమ్మంలోంచి నానమ్మ తుమ్మింది.

“జీపుకి మిరియాల సారు పెడతన్నారేట్రా?”

పిల్లలంతా పకాలున నవ్వారు. నాన్న కూడా నవ్వబోయి ఆగి, బుధు దగ్గరికి వెళ్ళారు. “తొందరపడి మాటన్నాను బుధూ. మనసులో పెట్టుకోకు.”

“పొగ సూస్తే ఎవరికైనా కోపమే బాబూ” అని బుధు చేయి చాపాడు. “రత్నమ్మా, గుడ్డ.”

రత్న పెరట్లోకి పరుగెత్తింది. తెల్లగుడ్డని రెండుసార్లు దులిపింది. అరుగు ఊడ్చి పరిచింది. వాల్వుని బోర్లించి తట్టింది. వెలుతురుకి ఎత్తి, ఒక కన్ను మూసి లోపలికి చూసింది.

“రత్నా, పన్నెండున్నర అవుతోంది. అయిపోయిందా?” మేడమ్ పిలిచింది.

“అయిపోయిందా? అయిపోయిందా?” జీపెక్కిన పిల్లలు పాటలా అందుకున్నారు. ఒకరు హారను కూడా కొట్టారు.

“అవలేదు” అంది రత్న. “ఒక్క నిమిషం.”

గొట్టం నోట పెట్టుకుని గాలి లాగింది. చెయ్యెత్తింది. పిల్లలు ఊపిరి బిగబట్టారు. వదిలింది.

టక్.

ఇంకోసారి లాగింది.

టక్.

“ఇప్పుడయింది” అని బుధు చేతిలో పెట్టింది.

జీపు కొట్టు దాటింది. కొండవాలు ఎక్కింది. మొదటి మలుపు వచ్చింది. పదకొండుమందిని మోస్తూ, గేరు మార్చుకుని, పౌరుషంగా లాగేసింది. వెనక కూర్చున్న వాళ్ళంతా మెడలు తిప్పి చూశారు. ఎర్రటి దుమ్ము తప్ప ఏమీ లేదు. జీపులో లేచిన కేక కాఫీ తోటల్లో పనిచేసేవాళ్ళకి కూడా వినబడి, వాళ్ళు తలలెత్తి చేతులూపారు.

“బేగి ఎల్లాల. దిగంగానే మన ఆటే” అంది శ్రావణి. “షూ లేసులు కట్టేసుకున్నావా?”

“అయి...” అంది రత్న.

ఆగింది. కిందికి వంగి చూసుకుంది.

“ఒకటే అయింది” అని రెండోది కట్టుకోవడం మొదలుపెట్టింది.