షీనా ఇచ్చిన ఇంజిన్

"ఇంజిన్ అమ్ముతానన్నాను గానీ, ఎవరికి పడితే వాళ్లకి ఇస్తాననలేదు," అంది షీనా.

బోటనీ డౌన్స్‌లో వాళ్ల ఇంటి ముందు సన్నగా వాన. మా ఇద్దరి మధ్య ఒక ఎర్ర కారు ఉంది. వెనక నుంచి ఎవరో గుద్దడంతో డిక్కీ సీటు దాకా నలిగిపోయింది. ముందు భాగానికి ఏమీ కాలేదు.

"ఏం చేస్తుంటారు?"

"స్కూల్లో లెక్కలు చెబుతాను."

"స్పీడుగా నడుపుతారా?"

"నడపను."

"ఇంట్లో ఎవరెవరుంటారు?"

"అమ్మా, నేనూ."

నేను ఇంజిన్ కొనడానికి వచ్చానో, పెళ్లిచూపులకి వచ్చానో అర్థం కాలేదు.

"నర్సుగా నా మొదటి జీతాలతో కొన్న కారు," అంది. "బిగించేటప్పుడు నేను పక్కనే ఉంటాను. సరేనంటే తీసుకెళ్లండి టీచర్ గారూ."

సరేనన్నాను.

నాన్న పోయి ఎనిమిది నెలలు. ఆయన కారు మూడు లక్షల ఎనభై వేల కిలోమీటర్లు తిరిగింది. ఆయిల్ తాగేస్తూ నీలం పొగ వదులుతోంది. పొగ తగ్గకపోతే ఇక రోడ్డు ఎక్కనివ్వమని తనిఖీలో చెప్పారు. పానా పట్టడం నాన్నే నేర్పారు కాబట్టి, టకానినిలో మా ఇంటి గ్యారేజ్‌లోనే ఇంజిన్ మార్చుకుందామనుకున్నాను.

షీనా ప్రతి శనివారం వచ్చేది.

"మీ పిల్లని చూసుకోవడానికి వచ్చావా వియ్యపురాలా?" అనేది అమ్మ నవ్వుతూ.

"మా పిల్లని ఇలా చలిలో పెట్టారేంటి ఆంటీ?" అంటూ షీనా ఆ ఇంజిన్ మీద పాత దుప్పటి కప్పేది.

ఆమె ఇంజిన్ కోసం వస్తోందా, ఇంకెందుకైనా వస్తోందా? అడిగే ధైర్యం నాకు లేదు.

మొదటి శనివారం ఆమె ఇంజిన్‌ని శుభ్రంగా కడిగాను. రెండో శనివారం ఆయిల్ కారకుండా సీళ్లు మార్చాను. మూడో శనివారం మళ్లీ కడిగాను.

నాలుగో శనివారం షీనా పానా కింద పెట్టేసింది.

"నా ఇంజిన్ నచ్చలేదా?"

"నచ్చింది."

"నేను రావడం నచ్చట్లేదా?"

"అయ్యో, అది కాదు."

"మరి మీ కారు బానెట్ ఒక్కసారైనా తెరవలేదేం?"

చెప్పక తప్పలేదు.

"ఈ కారు చప్పుడు మలుపులో వినగానే అమ్మ టీ పెట్టేది. నాన్న వచ్చేసరికి రెడీగా ఉండేది. ఇప్పుడు నేను వచ్చినా పెడుతుంది. ఈ పాత ఇంజిన్ తీసేస్తే అమ్మకి..."

షీనా లోపలికి వెళ్లి అమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"ఆంటీ, ఒక్కసారి కూర్చోండి. రెజినాల్డ్ గారూ, స్టార్ట్ చెయ్యండి."

అమ్మ ఎప్పటిలాగే ముందు సీట్లో కూర్చుంది. ఇంజిన్ టకటకా కొట్టుకుంటూ అందుకుంది. గ్యారేజ్ బయట నీలం పొగ లేచింది. అమ్మ చాలాసేపు విన్నది.

"రెజీ, నేను టీ ఎందుకు పెడుతున్నానో తెలుసా?"

"నాన్న కోసం."

"కాదురా. ఈ చప్పుడు విని కూడా పెట్టకపోతే నువ్వు బాధపడతావని."

నేను అమ్మ కోసం ఆ ఇంజిన్ ఉంచాను. అమ్మ నా కోసం కెటిల్ పెట్టింది. ఎనిమిది నెలలు ఇద్దరం ఒకరినొకరం అడగలేదు.

అమ్మ కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసింది. తనే చెయ్యి చాచి తాళం తిప్పి ఇంజిన్ ఆపేసింది.

ఆ సాయంత్రమే అద్దెకి తెచ్చిన క్రేన్‌తో పాత ఇంజిన్ పైకి లేపాం. ఇంకో రెండు శనివారాలకి షీనా ఇంజిన్ దాని చోట్లో కూర్చుంది.

తాళం తిప్పాను. ఏమీ వినిపించలేదు. మళ్లీ తిప్పాను. కర్రుమని అరిచింది.

"ఆల్రెడీ ఆన్‌లోనే ఉంది టీచర్ గారూ! మా పిల్ల నెమ్మదస్తురాలు," అని షీనా పకపకా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి చేతులు తుడుచుకుంది. "అయితే, ఇంక నేను రానక్కర్లేదుగా."

"ఆయిల్ చూస్తుండాలి."

"ప్రతి శనివారమా?"

"ప్రతి శనివారం."

"అదొక్కటేనా?"

"కాదు," అన్నాను. "ఇంజిన్ కోసం కాకపోయినా రండి. నా కోసం రండి."

తప్పుగా అన్నానేమో అనుకునేలోపు అమ్మ ఒక రౌండు వెళ్లొద్దామంటూ గొడుగుతో వచ్చింది. అలవాటుగా ముందు తలుపు తీసింది. ఆ సీటు వంక ఒక క్షణం చూసింది. తలుపు అలాగే తెరిచి ఉంచి, వెనక సీట్లోకి ఎక్కి కూర్చుంది.

"ముందు నువ్వు కూర్చో అమ్మా," అంది షీనాతో.

షీనా నా వైపు చూసింది. కూర్చుంది. సీట్ బెల్ట్ పెట్టుకుంది.

"స్పీడుగా నడపరు కదా?"

"నడపను."

"అయితే శనివారం వస్తాను," అంది.